ఆగుదమా పోదమా

జడ్చర్ల చౌరస్తా నుంచి రైల్వే స్టేషనుకు పోయే దారిలో దూదేకుల చోటే మియా ఇల్లు ఉండేది. ముందు గదిలో ఆయన దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. వెనక గది పిల్లలది. పెద్దవాడు షరీఫ్ బెంజో వాయించేవాడు. హార్మోనియంకు ఉన్నట్టు పైన మీటలు, కింద తీగలు ఉండే వాద్యం అది. ఎడమ చేత్తో మీట నొక్కి కుడి చేతిలోని రేకు ముక్కతో తీగలను గీరుతుంటే, మైకు పెట్టిన బెంజో చప్పుడు రెండు వాడలు దాటి వినిపించేది. చిన్నాయన కొడుకు మెహమూద్ డోలక్ కొట్టేవాడు. షరీఫ్ చెల్లెలు జులేఖా పాడేది. ఆ ముగ్గురే షరీఫ్ బెంజో పార్టీ.

పెళ్లి ఊరేగింపుల్లో ఆడపిల్ల పాడడం ఆ రోజుల్లో వింతే. మొదట్లో చుట్టాలు చోటే మియాకు నచ్చజెప్పబోయారు. ఆయన దూది ఏకుతూనే విని, "దాని గొంతు నాకు తక్లీఫ్ ఇయ్యలే. మీకిస్తాందా?" అని అడిగి ఊరుకున్నాడు. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

జులేఖాకు పేరు తెచ్చిన పాట కోపంలోంచి పుట్టింది. పంతొమ్మిదేళ్లప్పుడు పాలమూరు బస్సులో పక్క సీటువాడు నిద్ర నటిస్తూ ఆమె భుజం మీద వాలాడు. ఆమె జరిగితే అతనూ జరిగాడు. కండక్టర్ చూసీ చూడనట్టు టికెట్లు చింపుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆమె పళ్లు కొరుకుతూనే ఉంది. వచ్చీ రాగానే షరీఫ్ చేత బెంజో తీయించి, ఎంత జోరుగా వాయించగలడో అంత జోరుగా వాయించమంది.

*సగం సీటు నాదిరా, సగం తొవ్వ నాదిరా*
*మీద మీద పడకురా, జరుగు జరుగు జరుగు!*

అంతే పాట. మూడు స్వరాలు, ఒక్క కేక. మరుసటి వారం ఒక పెళ్లి బరాత్‌లో పాడితే దారి పక్క నిలబడ్డ ఆడవాళ్లు చీర కొంగులు నడుముకు చుట్టి ముందుకు వచ్చారు. చౌరస్తాలో క్యాసెట్ల దుకాణం నడిపే యాదగిరి అక్కడే ఉన్నాడు. తెల్లారి తానే వచ్చి, ఇలాంటివి ఇంకో ఏడెనిమిది పాటలు కడితే క్యాసెట్ తెస్తానన్నాడు. జులేఖా అందరినీ తిడుతూ పాటలు కట్టింది. పొద్దుగూకినా పని వదలని దొరసానిని, తూకంలో మోసం చేసే సేటును, తాగొచ్చి తలుపు తన్నే మొగుణ్ణి. పంతొమ్మిది వందల తొంభైలో 'జరుగు జరుగు' క్యాసెట్ వచ్చింది. జడ్చర్ల నుంచి నాలుగు దిక్కులకూ బస్సులు పోతాయి. క్యాసెట్ కూడా డ్రైవర్ల చేతుల్లో నాలుగు దిక్కులకూ పోయింది. టైలర్ దుకాణాల్లో, లారీల్లో, సోడా బండ్ల దగ్గర అదే మోగింది. జనం ఆమెను 'జరుగు జులేఖా' అని పిలవడం మొదలుపెట్టారు.

నాలుగేళ్లు ఆమె అవే పాటలు, అదే గొంతుతో పాడింది. ఎక్కడికి పోయినా అదే అడిగేవారు. మొదటి ఏడాది ఆ కేక వేసినప్పుడల్లా బస్సులో ఆ మనిషి ముఖం కళ్ల ముందు నిలిచేది. రాను రాను ఆ ముఖం చెరిగిపోయింది. ఒకసారి కల్వకుర్తిలో గొంతు చించుకుని పాడుతూ, ఇంటి దగ్గర ఆరేసిన బట్టలు వానకు తడుస్తున్నాయేమోనని తాను ఆలోచిస్తున్నట్టు ఆమెకే తెలిసింది. పాట అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఆమెకు సిగ్గనిపించింది.

తొంభై నాలుగు ఎండాకాలంలో రామన్నపేట నుంచి లింగయ్య అనే రైతు వచ్చి, కూతురి పెళ్లికి పార్టీని మాట్లాడుకుని పోయాడు. పెళ్లి పొద్దునే అయిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లంతా పందిరి కింద చేరారు. జులేఖా మైకు ముందు నిలబడి మొదటి చరణం అందుకుందో లేదో కరెంటు పోయింది. బెంజో చప్పుడు ఒక్కసారిగా సన్నబడింది. ఆమె ఆపలేదు. మైకు లేని లోటు తీర్చాలని ఇంకా గట్టిగా పాడింది. తల్లి ఒడిలో నిద్రపోతున్న ఒక పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది.

ముందు వరుసలో కూర్చున్న ముసలామె, పెళ్లికూతురి నాయనమ్మ హనుమమ్మ, చేయి ఊపి ఆమెను ఆపింది.

"బిడ్డా, మేం ఈడనే ఉన్నం గదా. ఊరవతలోళ్లను పిలిచినట్టు గట్ల పిలుస్తవేంది? జర ఇట్లొచ్చి కూసో."

అందరూ నవ్వారు. జులేఖా చెవులు వేడెక్కాయి. ఏం చేయాలో తోచక ఆమె చాప మీద హనుమమ్మ పక్కన కూర్చుంది. అలా కూర్చుని పాడింది చిన్నప్పుడే, చోటే మియా తల్లి హుస్సేన్ బీ బతికి ఉన్నప్పుడు.

అంతలో పెళ్లికొడుకు తమ్ముడు ఐసు తేవడానికి సైకిలు తీశాడు. పందిరిలో ఎవరో తుమ్మారు. అతను సైకిలు ఆపి, కాసిన్ని నీళ్లు తాగి, మళ్లీ ఎక్కబోయాడు. మళ్లీ తుమ్ము వినపడింది. ఈసారి అతను సైకిలు గోడకు ఆనించి దిగాలుగా అరుగు మీద కూర్చున్నాడు. జులేఖా అతని వైపు చూసి, అప్పటికప్పుడు మాటలు కడుతూ, పిల్లకు కథ చెబుతున్నట్టు మెల్లగా అందుకుంది.

*సద్దిగట్టినం బండిగట్టినం సంతకు పోదమని*
*హాచ్చి అని తుమ్మె మామ, ఆగుదమా పోదమా*
*నీళ్లు దాగి బయలెల్లినం నిమ్మళంగ పోదమని*
*హాచ్చి అని తుమ్మె ఎద్దు, ఆగుదమా పోదమా*

ఎద్దు తుమ్మిందనేసరికి హనుమమ్మ పక్కున నవ్వింది. తర్వాత చరణంలో బండి చక్రం తుమ్మింది, ఆ తర్వాత సద్ది మూట తుమ్మింది. ఎవరి తుమ్ము ఎలా ఉంటుందో ఆడవాళ్లే అందించారు. 'ఆగుదమా పోదమా' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పందిరంతా ఆమెతో కలిసి పాడింది. ఏడ్చిన పిల్ల నోట్లో వేలు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. జులేఖా గొంతు ఇంకా తగ్గించింది. తగ్గించిన కొద్దీ జనం ముందుకు వంగి వింటున్నారు. అట్లా జరుగుతుందని ఆమెకు ఇంతకు ముందు తెలియదు.

కరెంటు వచ్చింది. ఎవరూ మైకు సంగతి అడగలేదు.

తిరుగు ప్రయాణంలో షరీఫ్, "గా తుమ్ముల పాట బానే నవ్వించింది. గాని బరాత్‌ల పనికి రాదు" అన్నాడు.

"బరాత్ కోసం కాదన్న" అంది జులేఖా. "గసొంటివి ఇంకా కడుత. క్యాసెట్ తెద్దం."

షరీఫ్ చెల్లెలి ముఖంలోకి చూశాడు. నవ్వులాట కాదని అతనికి అర్థమైంది.

ఆ వానాకాలమంతా ఆమె పాటలు కట్టింది. చౌరస్తాలో కండక్టర్ల కేకలు వింటూ నిలబడేది. ఊళ్ల పేర్లు గడబిడగా పిలిచే కొత్త కండక్టర్ మీద ఒక పాట వచ్చింది. అతను పిలిచిన పిలుపుకు షాద్‌నగర్ పోవలసిన పెళ్లివారు అచ్చంపేటలో దిగుతారు. పెళ్లి పత్రిక తిన్న మేక మీద ఒకటి కట్టింది. పత్రిక తిన్నాను కాబట్టి నన్నూ పిలిచినట్టే అని మేక పెళ్లికి బయలుదేరుతుంది. చెవులు వినపడని ముసలి ఆలుమగల మీద ఇంకొకటి. అందులో ఆమె ఉప్పు అడిగితే ఆయన చెప్పు తెస్తాడు.

కట్టడం ఒక ఎత్తు, పాడడం ఒక ఎత్తు అయింది. అరిచినన్నాళ్లూ కనపడని తప్పులన్నీ మెల్లగా పాడితే బయటపడ్డాయి. వరుస చివర ఊపిరి చాలేది కాదు. కింది స్వరాల దగ్గర గొంతు వణికేది. మేక గొంతు పెడితే అది మేకలా కాక, మేకను వెక్కిరించే మనిషిలా ఉండేది. ఆమె చోటే మియా ముందు గదిలో కూర్చుని, ఆయన దూది ఏకుతుంటే పాడి చూసుకునేది. నవ్వు వస్తే ఆయన దూది ఏకే విల్లు పక్కన పెట్టి నవ్వేవాడు. రాకపోతే పని చేసుకుంటూ పోయేవాడు. మేక పాటకు ఆయన విల్లు ఆగడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు జులేఖా తనకు తానే రెండు చాయలు పోసుకుని తాగింది.

చిక్కు షరీఫ్‌తో వచ్చింది. వేగమే అతని గొప్ప. అంత జోరుగా మీటలు నొక్కేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

"నిమ్మళంగ వాయిస్తె బెంజో మోగదు" అన్నాడు ఒకరోజు విసుగ్గా. "తీగ కొట్టంగనే చప్పుడు ఆరిపోతది. నడుమ అంతా ఖాళీ పడతాంది, ఇనబడతలేదా?"

"ఆ ఖాళీలే నాకు కావాలె. ఆ నడుమనే నవ్వుతరు జనం."

"అంటే నేను వాయించకుండ కూసుంటె పాట మంచిగుంటదంటవు."

"గట్ల అంటలేనన్న."

"గట్లనే ఉంది నువ్వనేది."

అతను బెంజో సంచిలో పెట్టుకుని బయటికి పోయాడు. కొన్నాళ్లు వేరే పార్టీతో పెళ్లిళ్లకు తిరిగాడు. జులేఖా అతన్ని పిలవలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. అన్నం మాత్రం రోజూ అతనికి తీసి మూత పెట్టేది. ఒక సాయంత్రం ఆమె కండక్టర్ పాట పాడుకుంటుంటే షరీఫ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. లోపలికి వచ్చి బెంజో తీసి, రేకు ముక్కతో గీరడం మాని, చేతి గోటితో తీగను మీటాడు. చప్పుడు పలచగా, దగ్గరగా, ఎవరో చెవిలో చెప్పినట్టు వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోరు అరిగిపోతుందని అతను సణిగాడు గాని, మళ్లీ రేకు ముట్టలేదు.

పాటలు తయారయ్యాక జులేఖా యాదగిరి దుకాణానికి పోయింది. ఆయన గల్లా దగ్గర కూర్చుని నాలుగు పాటలు విన్నాడు. నవ్వాడు కూడా. నవ్వడం అయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"పాటలు బాగున్నయ్ చెల్లె. గాని నీ పేరు చెప్తె జనం కేక అడుగుతరు. గీ మేకలు, తుమ్ములు ఎవలు కొంటరు? 'జరుగు' రెండో భాగం చెయ్యి. కండ్లు మూసుకొని తెస్త."

"కేక ఇప్పుడు వస్తలేదు యాదగిరన్నా. వచ్చినట్టు చేస్తె అది దొంగ కేక అయితది."

యాదగిరి గల్లా పెట్టె మూశాడు. "సరే. నీ మాటే కానీ. గాని బి సైడు ఆఖరున 'జరుగు' పాట పెట్టాలె. పాతది ఎట్లుందో గట్లనే."

"పెట్టను" అంది జులేఖా. "నాలుగేండ్ల సంది అదే పాడుతున్న. ఇగ దాన్ని ఇడిసిపెడ్త."

దుకాణంలో క్యాసెట్లు చూస్తున్న ఒక అమ్మాయి ఆ మాటకు తలెత్తింది. చేతిలో పుస్తకాలున్నాయి. పాలమూరు కాలేజీలో చదివే మంజులత అనే పిల్ల అని యాదగిరి చెప్పాడు. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి అడిగింది.

"అక్కా, నువ్వు జులేఖానా? ఆ పాట ఎందుకు ఇడిసిపెడ్తవు?"

"పాడి పాడి పాతదయింది చెల్లె."

"నీకు పాతదయ్యింది. నేను రోజు బస్సుల పోత. నోరు తెరిచి అనే ధైర్యం నాకు లేదు. మనసుల ఆ పాట అనుకుంట నిలబడ్త. నువ్వే ఇడిసిపెడితే నేనేమనుకోవాలె?"

ఆమె గొంతులో దబాయింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మంజులత బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది. యాదగిరి ఆ అవకాశం తీసుకుని ఏదైనా అంటాడేమో అనుకుంది గాని, ఆయన గుడ్డ తీసుకుని క్యాసెట్ల మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు.

ఇంటికి పోతూ ఆమె దారి పొడవునా ఆ మాటే తలచుకుంది. తనకు విసుగు పుట్టిందని ఆ బస్సు మారలేదు. అందులో ఆ మనిషి ఇంకా కూర్చునే ఉన్నాడు, వేరే అమ్మాయి పక్కన. కాని పాత కేక వేయాలంటే లోపల ఆ మంట లేదు. లేని మంట చూపించడం ఆమెకు ఇష్టం లేదు. రెండు రోజులు ఏ పాటా పాడలేదు. మూడో రోజు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని, ఆ మనిషి నిద్ర నటించిన తీరు గుర్తు చేసుకుంది. ఇన్నేళ్లూ అతని మీద అరిచింది గాని, అతన్ని సరిగా చూడలేదు. ఒక కన్ను కొంచెం తెరిచి బస్సు ఎక్కడికొచ్చిందో చూసుకోవడం. గురక పెట్టీ పెట్టనట్టు పెట్టడం. తన స్టాపు వచ్చేసరికి ఎవరూ లేపకుండానే లేచి గబగబా దిగడం. తలచుకుంటుంటే ఆమెకు నవ్వు వచ్చింది. అప్పటి కోపం మళ్లీ కదిలింది, అయితే ఇది వేడి కోపం కాదు, నిలకడైనది.

కొత్త 'జరుగు'లో ఆమె ఆ మనిషి గొంతుతో పాడింది.

*నిద్రనమ్మ తల్లి నాకు, నిజంగ నిద్రనే*
*నీ భుజమ్మీదికె వస్తది, ఎందుకో ఏమో గురకనే*

చరణం చరణానికీ గురక. ఆ గురక నడుమ ఒక్కొక్కసారే, ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ చెప్పినట్టు, తన సొంత గొంతుతో 'జరుగు' అనే మాట. షరీఫ్ ఆ మాట ముందు బెంజో పూర్తిగా ఆపేవాడు. అరిచిన రోజుల్లో కంటే ఇప్పుడే ఆ మాట వింటే భయమేస్తోందని మెహమూద్ అన్నాడు. పాత 'జరుగు' బదులు ఇది పెడదామంటే యాదగిరి సరేనన్నాడు.

రికార్డింగు ఒక ఆదివారం యాదగిరి దుకాణం వెనక గదిలో జరిగింది. రోడ్డు చప్పుడు రాకుండా చోటే మియా కుట్టిన బొంతలు గోడలకు, తలుపుకు వేలాడదీశారు. ఫ్యాను ఆపేశారు. అందరికీ చెమటలు కారుతున్నాయి. తుమ్ముల పాట మూడో చరణంలో, కొత్త బొంతల దూదిపీచు ముక్కులోకి పోయి, మెహమూద్ నిజంగానే తుమ్మాడు. డోలక్ దెబ్బ తప్పింది. జులేఖా పాడుతున్నదల్లా నవ్వు ఆపుకోలేక, నవ్వుతోనే 'ఆగుదమా పోదమా' అంది. షరీఫ్ కూడా నవ్వుతూనే ఆఖరు దాకా వాయించాడు.

"ఇంకోసారి పాడుండ్రి, దాన్ని చెరిపేద్దం" అన్నాడు యాదగిరి.

"వద్దన్న, ఉండనీ" అంది జులేఖా. "గిసొంటి తుమ్ము అడిగితే వస్తదా?"

తొంభై అయిదు మొదట్లో 'ఆగుదమా పోదమా' క్యాసెట్ వచ్చింది. అట్ట మీద మేక నోట్లో పెళ్లి పత్రిక ఉన్న బొమ్మ వేశారు. యాదగిరి భయపడ్డట్టే అయింది. మొదటి నెల దుకాణదారులు చాలామంది క్యాసెట్లు వాపసు పంపారు. పాలమూరులో ఒక బరాత్‌లో కుర్రాళ్లు పాత కేక కావాలని గోల చేశారు. జులేఖా కొత్త 'జరుగు' పాడితే సగంలోనే ఈలలు వేసి వెళ్లిపోయారు. ఆ ఏడు పెళ్లిళ్ల పిలుపులు తగ్గాయి. షరీఫ్ నిష్ఠూరం ఆడలేదు గాని, కొన్నిసార్లు రాత్రి అన్నం దగ్గర సగంలోనే లేచేవాడు. చోటే మియా చేతిలో పని ఉంది కాబట్టి ఇల్లు గడిచింది.

క్యాసెట్ మెల్లగా వేరే దారుల్లో పోయింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు పెట్టుకున్నారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు మేక పాట నేర్చుకున్నారు. మోత్కూర్ నుంచి ఒక సార్, బడి వార్షికోత్సవానికి పాడమని వచ్చాడు. అక్కడ బల్లల మీద కూర్చున్న పిల్లల ముందు ఆమె మైకు పక్కకు పెట్టి పాడింది. ఒక పిల్లవాడు లేచి, బండి చక్రం తుమ్ము అలా ఉండదని, తానే తుమ్మి చూపించాడు. ఆమె అప్పటికప్పుడు మార్చుకుంది. పిలుపులు ఊరేగింపుల నుంచి ఇళ్లలోకి, బళ్లలోకి మారాయి.

మంజులత ఒకరోజు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జులేఖా చాయ పెట్టి ఇచ్చింది.

"మొదలు నచ్చలే అక్కా" అంది మంజులత దాపరికం లేకుండా. "నువ్వు మెత్తబడ్డవనుకున్న. మొన్న బస్సుల ఒకాయన నా దోస్తు మీద ఒరిగిండు, కండ్లు మూసుకొని. నేను ఎనక సీట్ల ఉన్న. ఏమనాలో తెల్వక నీ పాటల గురక తీసిన. అంతే, ఇంకొకామె తీసింది. బస్సంత గురకనే. ఆయనకు చెమటలు బట్టి లేచి నిలబడ్డడు."

"నోరు తెరిసినవన్నమాట" అంది జులేఖా.

"తెరిసిన. మాట రాలే, గురకొచ్చింది." మంజులత నవ్వి, చాయ తాగి, మళ్లీ అంది. "గాని పాత పాట నాకు ఇప్పటికీ కావాలె. ఒక్కదాన్నే ఉన్నప్పుడు అదే పెట్టుకుంట."

"పెట్టుకో. అది నీదే ఇగ."

ఆ మాట అన్నాక జులేఖా మనసు తేలికపడింది. పాత పాట మీద ఉన్న విసుగు కూడా ఎటో పోయింది. అప్పటి నుంచి ఎవరైనా మనసారా అడిగితే పాతదీ పాడేది, కొత్తదీ పాడేది. పాతది పాడేటప్పుడు అరవగలిగినంత అరిచేది. పంతొమ్మిదేళ్ల పిల్ల ఒకతె అలా అరిచిందని జనానికి చూపిస్తున్నట్టు ఉండేది.

ఆ ఏడు చలికాలంలో ఒక పొద్దున షరీఫ్ బెంజో ఒళ్లో పెట్టుకుని, ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఒక వరుస వాయించాడు. ఎక్కడా విననిది. కొంచెం దూరం నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూసి మళ్లీ నడిచినట్టు ఉంది. ఇన్నేళ్లలో అతను తానుగా ఒక వరుస కట్టడం అదే మొదలు.

"మంచిగుందన్న" అంది ఆమె. "దీనికి మాటలు ఏం పెడదం?"

"మాటలొద్దు" అన్నాడు షరీఫ్. "జర ఇను."

ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించి వింటూ కూర్చుంది. లోపల చోటే మియా విల్లు మోగుతోంది. షరీఫ్ ఆ వరుసను మొదటి నుంచి మళ్లీ వాయించాడు, ఈసారి ఇంకొంచెం నిమ్మళంగా.